బల్లిని తోక చూసి కొనాలి: చిరుత గెకో ఎంపిక, ఆరోగ్యం

రాయగడలో మా ఇంట్లో ఇప్పుడున్న చిరుత గెకో అనే పెంపుడు బల్లికి ఏడేళ్లు నిండాయి. దానికంటే ముందు, ఒంటి రంగు చూసి మోజుపడి తెచ్చుకున్నవి రెండు ఏడాది తిరగకముందే పోయాయి. మొదటిదాన్ని తెచ్చిన రోజు మా పిన్ని గడప దగ్గరే నిలబడి, "ఏటిరా నాయనా, మీద పడితే తలకి నీళ్లోసుకునే బల్లిని డబ్బెట్టి కొన్నావేటి?" అని అడిగింది. ఆమె అభ్యంతరం బల్లి గురించి. నేను చేసిన పొరపాటు బల్లిని ఎంచుకున్న తీరులో ఉంది. దాని తోక అగ్గిపుల్లకంటే కాస్తే లావుగా ఉన్నా, పెరిగేకొద్దీ అదే నిండుతుందన్న అమ్మకందారు మాట నమ్మి తెచ్చాను. ఆ తోక నిండలేదు.

మన ఒడిశా-ఆంధ్ర సరిహద్దు జిల్లాల్లో ఉండేవారికి ఈ ఎంపిక మరింత ముఖ్యం. గుణుపురం, పర్లాకిమిడి, జయపురం, కోరాపుట్ ఊళ్లలో పశువుల ఆసుపత్రులు ఉన్నాయి గానీ, అక్కడి వైద్యుల చేతికి అలవాటైనవి ఆవులు, మేకలు, కోళ్లు, కుక్కలు. అరవై గ్రాముల బల్లికి మందు మోతాదు లెక్కగట్టి ఇవ్వగలవారి కోసం విశాఖపట్నమో భువనేశ్వరమో వెళ్లవలసి వస్తుంది. పైగా సరీసృపాలు జబ్బును చివరిదాకా దాచుకుంటాయి. మనకు తేడా కనిపించేసరికి లోపల జబ్బు ముదిరి వారాలు గడిచి ఉంటాయి. అందుచేత కొనేటప్పుడు పెట్టే అరగంటే మనకు అందుబాటులో ఉన్న అన్నిటికంటే చౌకైన వైద్యం.

ఏది పెంపకంలో పుట్టింది, ఏది కొండమీదనుంచి తెచ్చింది

పెంపకంలో విరివిగా కనిపించే చిరుత గెకో శాస్త్రీయ నామం యూబ్లెఫారిస్ మాక్యులారియస్. దాని స్వస్థలం అఫ్గానిస్తాన్, పాకిస్తాన్, వాటిని ఆనుకొని ఉన్న వాయవ్య భారతం. గోడబల్లికి లేని కనురెప్పలు దీనికి ఉంటాయి, గోడ ఎక్కే అంటుడు పాదాలు ఉండవు, వేళ్ల చివర గోళ్లు మాత్రమే ఉంటాయి. పెద్దదైతే 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవు పెరుగుతుంది, చక్కగా చూసుకుంటే 15 నుంచి 20 ఏళ్లు బతుకుతుంది. ఈ చివరి సంగతి ఆలోచించే కొనాలి. ఆరో తరగతి పిల్లవాడు ముచ్చటపడి అడిగిన బల్లి, వాడు ఉద్యోగానికి వెళ్లిపోయిన తరువాత కూడా ఇంట్లోనే ఉంటుంది.

దీని దాయాదులు మన తూర్పు కనుమల్లోనే తిరుగుతున్నాయి. ఒడిశా, ఆంధ్ర కొండల్లో ఉండే యూబ్లెఫారిస్ పిక్టస్‌ను శాస్త్రజ్ఞులు 2022లోనే వేరే జాతిగా గుర్తించారు. యూబ్లెఫారిస్ హార్డ్‌విక్కీ కూడా ఒడిశాలో ఉంది. వీటికి విషం లేదు. అయినా రాత్రిపూట దారిలో కనబడితే భయపడి చంపేసేవారు కొందరు, పట్టి అమ్మజూపేవారు కొందరు ఉన్నారు. అడవిలోని బల్లిని పట్టడం, కొనడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ముడిపడిన వ్యవహారం. తిరుమల కొండల బంగారు బల్లికి ఆ చట్టంలో అత్యున్నత రక్షణ ఉంది. అలాగే మడగాస్కర్ పరిసరాల పచ్చని పగటి గెకోలు వన్యప్రాణుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ సైటీస్ ఒప్పందపు రెండో అనుబంధంలో ఉన్నాయి. ఆ ఒప్పందం కిందికి వచ్చే విదేశీ ప్రాణులను పెంచుకునేవారు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. చిరుత గెకో సహజ నివాసం మన దేశపు అంచుదాకా వ్యాపించి ఉంది గనుక, డబ్బు చెల్లించకముందే శాస్త్రీయ నామం రాసి మీ అటవీ డివిజన్ కార్యాలయంలో అడిగి, సమాధానాన్ని కాగితం మీద తీసుకోండి. అమ్మకపు రసీదు మీద కూడా శాస్త్రీయ నామం, పొదిగిన తేదీ ఉండాలి. రసీదు అడిగితే ముఖం చిట్లించే అమ్మకందారు దగ్గర ఇక నిలబడవలసిన పని లేదు.

పెంపకంలో పుట్టినదని చెప్పి అడవిలో పట్టినదాన్ని అంటగట్టే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. పూర్తిగా ఎదిగినది, మామూలు అడవి రంగులో ఉన్నది, ముక్కు మీద పాత గాట్లు, ఒకటి రెండు వేళ్లు తెగి ఉన్నది, మడతల్లో చిన్న ఎర్రటి పురుగులు పట్టినది, మనిషి నీడ పడగానే పెట్టె గోడకు తల బాదుకునేది, పుట్టిన తేదీ చెప్పలేనిది: ఈ లక్షణాల్లో రెండు మూడు కలిసి కనిపిస్తే అనుమానించండి. అడవినుంచి వచ్చిన బల్లి కడుపులో పరాన్నజీవుల భారం ఎక్కువ. బందీతనపు ఒత్తిడికి అవి ఒక్కసారిగా పెరుగుతాయి.

నిజంగా పెంచినవారిని గుర్తించడానికి నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "గుడ్లను ఏ వేడిమిలో పొదిగించారండీ?" చిరుత గెకోల్లో పిల్ల ఆడదా మగదా అన్నది గుడ్డు పొదిగిన ఉష్ణోగ్రతను బట్టి తేలుతుంది. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవే వస్తాయి, 32, 33 డిగ్రీల దగ్గర ఎక్కువగా మగవి వస్తాయి. తల్లి ఒక్కో విడతకు సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది. సొంతంగా పొదిగించినవారు ఈ లెక్కలన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతారు, తల్లిని తండ్రిని చూపిస్తారు. ఎక్కడినుంచో తెచ్చి అమ్మేవారు మాట మారుస్తారు.

సాయంత్రం వెళ్లండి, మేత వేయించండి

గెకో సంధ్యవేళ చురుకయ్యే ప్రాణి. మిట్టమధ్యాహ్నం వెళితే ఆరోగ్యంగా ఉన్నది, నలతగా ఉన్నది ఒకేలా ముడుచుకొని పడుకొని ఉంటాయి. పొద్దుగూకిన తరువాత వెళ్లి, మీ కళ్లముందే మేత వేయమని అడగండి. పురుగు కదలగానే తల ఎత్తి, చూపు నిలిపి, తోక కొస సన్నగా ఆడిస్తూ, ఒక్క ఊపులో పట్టుకుంటే కన్ను, దవడ, నరాలు, ఆకలి నాలుగూ సక్రమంగా ఉన్నట్టే. పురుగు పక్కన పదేపదే కొరికి గురి తప్పుతున్నా, తల ఒక వైపుకు వాల్చి గుండ్రంగా తిరుగుతున్నా వెంటనే వెనక్కి రండి.

నడకను పక్కనుంచి గమనించండి. ఆరోగ్యమైన బల్లి పొట్టను నేలకు ఆనించకుండా నాలుగు కాళ్ల మీద లేచి నడుస్తుంది. మోచేతులు వంగి, పొట్ట ఈడ్చుకుంటూ, వణుకుతూ నడిచేదానికి కాల్షియం లోపంవల్ల ఎముకలు మెత్తబడ్డాయని అర్థం. దవడ చూస్తే ఇది మరింత స్పష్టమవుతుంది: కింది దవడ పైదానికంటే కురచగా, రబ్బరులా మెత్తగా ఉంటుంది. చికిత్సతో ఎముక గట్టిపడవచ్చు గానీ వంకర పోదు.

ఆ తరువాత తోక. చిరుత గెకో తన కొవ్వు నిల్వంతా తోకలోనే దాచుకుంటుంది. మన ఇళ్లలో ధాన్యం గాదె ఎలాంటిదో దానికి తోక అలాంటిది. ఎదిగినదాని తోక మొదలు మెడంత లావుగా ఉండాలి. పిల్లల తోక కొంత సన్నగా ఉండటం సహజమే అయినా, దానిలోనూ గుండ్రతనం కనిపించాలి. నడుము దగ్గర తుంటి ఎముకలు రెండు కోణాల్లా పొడుచుకు రాకూడదు. ఒకసారి తెగి మళ్లీ మొలిచిన తోక ఉల్లిగడ్డలా పొట్టిగా, నున్నగా, వలయాలు లేకుండా ఉంటుంది. చూడటానికి వికారంగా అనిపించినా అది జబ్బు కాదు. లావుగా ఉంటే నిస్సంకోచంగా తీసుకోవచ్చు, బేరమాడటానికీ పనికొస్తుంది.

ఇప్పుడు చేతిలోకి తీసుకోండి. పైనుంచి పట్టుకోకుండా, అరచేతిని కింద చేర్చి ఎక్కించుకోవాలి; తోక పట్టుకుంటే తెంపేసుకుంటుంది. ఒక్కో పాదాన్ని వెలుగుకు తిప్పి వేళ్లు లెక్కపెట్టండి, పాదానికి ఐదు ఉండాలి. వేలి చుట్టూ ఎండిన ఉల్లిపొరలాంటి తెల్లని ఉంగరం కనిపిస్తే అది ఊడకుండా మిగిలిన పాత కుబుసం. అది ఎండేకొద్దీ బిగుసుకొని, రక్తం ఆడక, వేలి కొన నల్లబడి రాలిపోతుంది. నేను పోగొట్టుకున్న రెండోదానికి వెనక కాలి మూడు వేళ్ల మీద ఈ ఉంగరాలు ఉన్నాయి; అది ఏదో అలంకారమనుకున్నాను. ఒక వేలిమీద తాజా పొర ఉంటే పెద్ద విషయం కాదు, మూడు నాలుగు వేళ్లు మొండిగా ఉంటే ఆ పెట్టెలో కుబుసం విడిచేందుకు కావలసిన తేమ గూడు ఎన్నడూ లేదని, మిగతా పెంపకం కూడా అలాగే సాగిందని అర్థం చేసుకోవాలి. కళ్లు రెండూ సమానంగా, పూర్తిగా తెరుచుకోవాలి. రెప్ప కింద తెల్లని గడ్డలాంటిది ఉంటే పాత కుబుసం గానీ విటమిన్ ఎ లోపం గానీ కారణం కావచ్చు. నోటి అంచుల్లో వాపు, పెరుగులాంటి తెల్లని పూత, ముక్కు దగ్గర బుడగలు ఉండకూడదు. చివరగా తోక మొదట ఉన్న మలద్వారం శుభ్రంగా, పొడిగా ఉండాలి. అక్కడినుంచి ఎర్రని కండ బయటికి వచ్చి ఉంటే అది అత్యవసర చికిత్స అవసరమైన స్థితి.

పెట్టెలోని మలం చూడటానికి మొహమాటపడకండి. గట్టిగా, ముదురు గోధుమ రంగులో ఉండి, పక్కనే తెల్లని సుద్దముక్కలాంటిది ఉంటే బాగున్నట్టే. ఆ తెల్లనిది దాని మూత్రం. నీళ్లగా, దుర్వాసనతో, అరగని పురుగుల కాళ్లతో ఉంటే ఆ ఒక్క బల్లినే కాదు, అదే వరుసలో ఉన్న పెట్టెల్లోని దేనినీ కొనవద్దు. గెకోలను పుల్లలా ఎండగట్టే క్రిప్టోస్పోరిడియం అనే ఏకకణజీవి మలం ద్వారానే ఒక పెట్టెనుంచి మరో పెట్టెకు పాకుతుంది. దానికి ఖాయంగా నయంచేసే మందు లేదు, దాని గుడ్లలాంటి కోశాలు మామూలు బ్లీచింగ్ నీళ్లకు చావవు.

రంగుల విషయంలో ఒక్క మాట చాలు. ఎనిగ్మా అనే రకం తలవాల్చి గిరగిరా తిరిగే నరాల లోపాన్ని వారసత్వంగా మోసుకొస్తుంది. లెమన్ ఫ్రాస్ట్ అనే పసుపు రకంలో చర్మపు రంగు కణాలే కణితులుగా మారతాయి; ఆ రంగుకు, ఆ కణితులకు సంబంధించినది ఒకే జన్యువని 2021లో పరిశోధకులు చూపించారు. ఈ రెంటినీ ఉచితంగా ఇచ్చినా తీసుకోవద్దన్నది నా అభిప్రాయం.

ప్రయాణం, ఆ తరువాతి తొంభై రోజులు

మూతకు చిల్లులు పెట్టిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో మెత్తని కాగితం పరిచి, దాన్ని గుడ్డసంచిలో పెట్టి చేతిలోనే ఉంచుకోండి. బయలుదేరే రోజు మేత వేయవద్దు. విశాఖనుంచి రాయగడ రైలులో వచ్చేంతసేపు నీళ్లు లేకపోయినా దానికేమీ కాదు గానీ, ఏప్రిల్ ఎండలో అద్దాలు మూసిన కారులో పావుగంట వదిలితే ప్రాణం పోతుంది.

ఇంటికి తెచ్చాక తొంభై రోజులు విడిగా ఉంచాలి. ఇంట్లో మరో గెకో ఉంటే వేరే గది, వేరే పట్టకారు, వేరే నీళ్ల గిన్నె. పాతదాని పని ముగించాకే కొత్తదాని దగ్గరకు వెళ్లాలి. ఈ కాలంలో నేలకు ఇసుక వాడవద్దు, కాగితమే పరవండి. కాగితం మీద మలం కనిపిస్తుంది, మేతతోపాటు ఇసుక మింగి పేగు మూసుకుపోయే ప్రమాదమూ ఉండదు. మొదటి వారం దాన్ని ముట్టుకోకండి. కొత్త చోట మూడు నాలుగు రోజులు తినకపోవడం మామూలే. అందుకోసం రోజుకోసారి చేతిలోకి తీసుకొని చూడటమే దాని ఆకలిని చంపుతుంది.

ఇక్కడే కంసాలి దుకాణంలో వాడే చిన్న డిజిటల్ కాటా అక్కరకొస్తుంది. పప్పులు తూచే కాటాకు ఐదు గ్రాముల తేడా అందదు. బల్లికి ఐదు గ్రాములంటే ప్రాణసమానం. గుడ్డులోంచి వచ్చిన పిల్ల మూడు గ్రాముల చుట్టూ ఉంటుంది. ఎదిగినవి సాధారణంగా 45 నుంచి 80 గ్రాముల మధ్య తూగుతాయి. ప్రతి ఆదివారం అదే వేళకు, మేతకు ముందు తూచి, నోటుపుస్తకంలో తేదీ, బరువు, తిన్న పురుగులు, మలం తీరు రాయండి. ఎదుగుతున్న పిల్ల బరువు రెండు వారాలు వరుసగా పెరగకపోయినా, పెద్దదాని బరువు పదోవంతు తగ్గినా, కంటికి ఏమీ కనిపించకపోయినా సరే, వైద్యుడి దగ్గరకు కదలవలసిన సమయం వచ్చినట్టే.

తెచ్చిన రెండో మూడో వారంలో తాజా మలాన్ని పరీక్ష చేయించండి. స్థానిక పశువుల ఆసుపత్రిలోనైనా సూక్ష్మదర్శినితో నులిపురుగుల గుడ్లను చూడగలరు. కొద్దిపాటి సూదిపురుగులు పెంపకపు గెకోల్లో తరచూ కనిపిస్తాయి. అన్నిటికీ మందు అక్కర్లేదు. క్రిప్టోస్పోరిడియం కోసం మాత్రం ప్రత్యేకంగా రంగువేసి చూడాలి లేదా పీసీఆర్ పరీక్ష చేయించాలి, ఆ సంగతి విడిగా అడగాలి.

మన ఎండ, మన ముసురు

పుస్తకాల్లో రాసే ఏర్పాట్లు చలిదేశాలవి. వాటిలో ఎప్పుడూ వేడి ఎలా పెంచాలన్నదే ఉంటుంది. మనకు ఏడాదిలో నాలుగు నెలలు వేడి ఎలా తగ్గించాలన్నదే సమస్య. పెట్టెలో ఒక చివర నేల 31 నుంచి 33 డిగ్రీలు, మరో చివర 25 దగ్గర ఉండాలి. కోరాపుట్ పీఠభూమిలో డిసెంబరు రాత్రులు ఎముకలు కొరికే చలి గనుక థర్మోస్టాట్ (వేడిని అదుపుచేసే పరికరం) తగిలించిన హీట్ మ్యాట్ (పెట్టె కింద పరిచే వేడి పట్టా) తప్పనిసరి. థర్మోస్టాట్ లేని మ్యాట్ కడుపు కాల్చేస్తుంది. కరెంటు పోయిన రాత్రి పెట్టెను దుప్పటితో మూడువైపులా కప్పితే చాలు. రాయగడలోనూ, మహారాష్ట్రలోని సిరొంచా, చంద్రపూర్ వైపు ఉండే మనవారి ఇళ్లలోనూ మే నెలలో గదే 36 డిగ్రీలు దాటుతుంది. అప్పుడు మ్యాట్ తీసేసి, పెట్టెను కింది అంతస్తులో నేలమీదికి దించి, గుడ్డ చుట్టిన మంచునీళ్ల సీసాను ఒక మూల ఉంచాలి. చిన్న మట్టికుండను సగానికి పగలగొట్టి, అంచులు నున్నగా రాసి బోర్లిస్తే అంతకంటే చల్లని గూడు బజారులో దొరకదు. అదే పెంకులో తడిపిన కొబ్బరి పీచు పరిస్తే కుబుసం విడిచేటప్పుడు కావలసిన తేమ గూడు అవుతుంది.

వేళ్లకు అంటుడు పాదాలున్న క్రెస్టెడ్ గెకోను చూసి ముచ్చటపడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: అది 28 డిగ్రీలు దాటితే కుంగిపోతుంది. రాత్రింబవళ్లు ఏసీ నడిపే స్తోమత లేకపోతే మన జిల్లాలకు అది పనికిరాదు. శ్రావణభాద్రపదాల ముసురులో చిరుత గెకోకు వేరే ఇబ్బంది వస్తుంది. గాలి ఆడని అద్దాల పెట్టెలో బూజు పడుతుంది, బల్లి నోరు తెరిచి ఊపిరి తీస్తుంది. వానకాలంలో పెట్టె మూత జాలీదై ఉండాలి.

మేత

పత్తి చేల గట్లమీద కీచురాళ్లు పట్టి వేయవద్దు. రాయగడ, గుణుపురం వైపు పత్తికి ఎంత మందు కొడతారో మనకు తెలియనిది కాదు. మిణుగురు పురుగు ఒక్కటి చాలు బల్లిని చంపడానికి, అందులో సహజంగానే విషం ఉంటుంది. గోధుమ పొట్టులో క్యారట్ ముక్కలు వేసి మీల్‌వార్మ్‌లనే పిండిపురుగులను ఇంట్లోనే పెంచుకోవడం అన్నిటికంటే సులువు. బల్లికి వేసే ముందురోజు వాటికి మునగాకు మేపితే ఆ బలం బల్లికి చేరుతుంది. పురుగు వెడల్పు బల్లి రెండు కళ్ల మధ్య దూరాన్ని మించకూడదు. పిల్లకు రోజూ, పెద్దదానికి రెండు మూడు రోజులకోసారి మేత చాలు.

పురుగులకు పట్టించే కాల్షియం పొడి దొరకనప్పుడు, ఆయుర్వేద మూలికల దుకాణంలో సముద్రపు నురుగు పేరుతో అమ్మే తెల్లని ఎముకను దంచి జల్లెడపట్టి వాడవచ్చు. అయితే అందులో విటమిన్ డి3 ఉండదు. దాన్ని విడిగా, లేబుల్ మీది మోతాదు మించకుండా ఇవ్వాలి. తమలపాకుల సున్నం మాత్రం ఎన్నడూ వాడవద్దు, నోరు, పేగు కాలిపోతాయి. ఇది రాయవలసినంత తెలివితక్కువ పనా అనిపించవచ్చు. ఆ సలహా నాకు ఇచ్చినవారు ఇద్దరున్నారు.

బల్లిని తాకిన ప్రతిసారి సబ్బుతో చేతులు కడగండి, వంటింటి తొట్టిలో దాని గిన్నె కడగవద్దు. ఆరోగ్యమైన గెకో మలంలో కూడా సాల్మొనెల్లా అనే, విరేచనాలు కలిగించే సూక్ష్మజీవి ఉండవచ్చు. ఐదేళ్లలోపు పిల్లలను, గర్భిణులను, ముసలివారిని దానికి దూరంగా ఉంచాలి.

వైద్యుడి దగ్గరకు బయలుదేరవలసి వస్తే ఉత్త చేతులతో వెళ్లకండి. బరువుల నోటుపుస్తకం, ఆ రోజు మలం మూతగట్టి ఉన్న చిన్న సీసాలో, పెట్టె రెండు చివర్ల ఉష్ణోగ్రత కనిపించేలా ఫోనులో తీసిన ఫోటో, వాడుతున్న పొడుల డబ్బాలు వెంట తీసుకెళ్లండి. బల్లిని ఎన్నడూ చూడని వైద్యుడు కూడా ఈ నాలుగూ చూశాక అడగవలసిన ప్రశ్నే అడుగుతాడు.